బత్తాయి తొనలా, జ్యూసా, పంచదారా... ఏది మేలు?

పోయిన వారం సాయంత్రం నాన్నతో విజయవాడ బీసెంట్ రోడ్డుకి వెళ్లాను. ఎండకి ఇద్దరి గొంతులూ ఎండిపోయాయి. నాన్నకి షుగర్. "కూల్‌డ్రింక్ వద్దులేమ్మా, బత్తాయి జ్యూస్ తాగుతా. పండేగా!" అన్నారు. బండి అతను నాలుగు కాయలు అడ్డంగా కోసి పిండాడు, పిప్పి బుట్టలో పడేశాడు, గ్లాసులో రెండు చెంచాల పంచదార వేశాడు. వద్దనేలోపే కలిపేశాడు కూడా.

ఆ బుట్టలో పడిన పిప్పిలోనే అసలు సంగతంతా ఉంది.

పంచదార అంటే సుక్రోజ్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంటగా కలిస్తే సుక్రోజ్ అవుతుంది. పళ్లలో ఉండేవీ ఈ మూడే. కాకపోతే పండులో తీపి పీచు మధ్య ఇరుక్కుని ఉంటుంది. నమలాలి, అరగాలి, అప్పుడు నిదానంగా రక్తంలోకి చేరుతుంది. ఒక బత్తాయి ఒలుచుకుని తినేసరికే చాలనిపిస్తుంది. నాలుగు కాయలు ఒకేసారి ఎవరు తింటారు? జ్యూస్ చేస్తే మాత్రం నాలుగూ రెండు నిమిషాల్లో కడుపులోకి వెళ్లిపోతాయి.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో పళ్లరసాల్లోని చక్కెరనీ, తేనెనీ మనం కలుపుకునే పంచదారతో పాటే లెక్కేసింది. పండుగా తినేదాన్ని ఆ లెక్కలోకి తీసుకోలేదు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ఆ లెక్క 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మంచిది. చెంచాకి 4 గ్రాములనుకున్నా, రెండేసి చెంచాలతో మూడు టీలు తాగితే 24 గ్రాములు అక్కడే అయిపోయాయి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 30 గ్రాములు ఉంటుంది. బెల్లం టీకి మారాం కదా అని ధైర్యపడేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. బెల్లంలో ఖనిజాలు కాస్త ఉన్నా, అదీ చాలావరకు సుక్రోజే.

పళ్లన్నీ కూడా ఒకటి కాదు. 100 గ్రాముల జామకాయలో సుమారు 9 గ్రాముల తీపి ఉంటే, పీచు 5 గ్రాముల దాకా ఉంటుంది. అదే బరువు మామిడిలో తీపి 14 గ్రాముల దాకా ఉంటుంది, పీచు రెండు కూడా ఉండదు. నా ఓటు జామకే. అలాగని నున్న మామిడి మార్కెట్ పక్కనే ఉన్న ఊళ్లో బంగినపల్లి మానేయమని నాన్నకి చెప్పే మనసు నాకు రాలేదు. డాక్టర్‌ని అడిగాం. భోజనం అయ్యాక కాయంతా తినకుండా రెండు ముక్కలు తినమన్నారు, ఆ పూట అన్నం తగ్గించుకోమన్నారు. మందులు వాడేవాళ్లు ఎవరి కొలత వాళ్లు అడిగి తెలుసుకోవాలి.

జ్యూస్ బండి దగ్గర ఆగక తప్పకపోతే పంచదార వద్దని కాయ కోయకముందే చెప్పండి. అయినా అది పండుకి సాటిరాదు.

ఇప్పుడు నాన్న పొద్దున పదకొండింటికి ఒక బత్తాయి ఒలుచుకుంటారు. తొన మీద తెల్లటి పొర కూడా తీయకుండా తింటున్నారు.