ఇన్‌స్వింగరా, షార్ట్ కార్నరా?

ఫుట్‌బాల్‌లో మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్ విషయంలో, కోనసీమ గ్రౌండ్లలో ఆడే కుర్రాళ్ల జట్లకు నేను ముందు ఇన్‌స్వింగర్ నేర్చుకోమనే చెబుతాను. అంటే, ఎడమ మూల నుంచి కుడికాలివాడు కొడితే బంతి గోల్ వైపు వంపు తిరుగుతుంది. ఎవరి తలకు కాస్త తగిలినా లోపలికి పోవచ్చు. ఎవరికీ తగలకుండా నేరుగా వెళ్లినా గోలే. పైగా కార్నర్ కిక్ నేరుగా అందుకునేవాడికి ఆఫ్‌సైడ్ (బంతి కన్నా, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కన్నా గోల్‌కు దగ్గరగా ఉండి పాస్ అందుకునే తప్పు) ఉండదు కాబట్టి, మనవాళ్లు గోల్‌కీపర్ పక్కనే నిలబడొచ్చు. అతన్ని పట్టుకున్నా, తోసినా మాత్రం ఫౌల్. నికొలస్ జోవర్ సెట్‌పీస్ (కార్నర్, ఫ్రీకిక్ లాంటివి) కోచ్‌గా వచ్చాక ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ ఈ పద్ధతితో ఎన్ని జట్లను వణికించిందో చూశాం! మనవాళ్లు చూడాల్సింది ముఖ్యంగా ఆ పరుగులు. అవతలి గోల్ స్తంభం దగ్గర గుంపుగా మొదలై, బంతి గాల్లో ఉండగా ఒక్కసారి ముందుకు దూసుకొస్తారు.

వానాకాలంలో మన ఒండ్రు నేల బురదయ్యాక ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. తడి బంతిని పట్టుకోవడం కీపర్‌కు పెద్ద టెన్షన్.

షార్ట్ కార్నర్, అంటే బంతిని గోల్ ముందుకు కొట్టకుండా దగ్గర్లోని మనవాడికి చిన్న పాస్ ఇవ్వడం, పొట్టి ఆటగాళ్ల జట్టుకు మంచిదే. ప్రత్యర్థులు 9.15 మీటర్ల దూరంలో ఉండాలి కనుక మొదటి పాస్ తేలిక. కానీ కిక్ కొట్టినవాడు గోల్ లైన్ దగ్గరే ఉండిపోతే, తిరిగొచ్చే పాస్‌కు ఆఫ్‌సైడ్‌లో దొరికిపోతాడు. బురదలోనైతే ఆ చిన్న పాస్ మధ్యలోనే ఆగిపోతుంది. దీన్ని సంక్రాంతి నాటికి, నేల గట్టిపడ్డాక వాడండి.