పదిహేను సెంట్ల తేడా: మూడేళ్లు సంచిలో మోసిన కీబోర్డు

ఈ బుల్లి మిడీ కీబోర్డు కొని మూడేళ్లు దాటింది. దీనికి సొంత గొంతు లేదు, ఏ కీ నొక్కామో ఐప్యాడ్‌కి చెబుతుంది, శబ్దం అక్కడ వస్తుంది. పాతిక కీస్, ఎనిమిది ప్యాడ్లు, ఎనిమిది నాబ్‌లు, ఒక యూఎస్‌బీ తీగ. ఆ లెక్కలన్నీ డబ్బా మీదే ఉంటాయి. కంపెనీ పేరు రాయను. ఇదే అచ్చువి బజార్లో నాలుగైదు రకాలున్నాయి, నా గొడవ ఎడమ మూలన బొటనవేలికి అందే జాయ్‌స్టిక్‌తోనే. దాని కోసమే ఇది కొన్నాను. దాని వల్లే అక్క వాళ్లింట్లో పరువు పోగొట్టుకున్నాను.

ఉద్యోగం విశాఖలో, ఇల్లు హైదరాబాద్‌లో. పదిహేను రోజులకోసారి గోదావరి ఎక్స్‌ప్రెస్ తప్పదు. సైడ్ లోయర్ దొరికిన రోజు నాకు పండగే: ఒళ్లో దిండు, దిండు మీద కీబోర్డు, మోకాలికి ఆనించిన ఐప్యాడ్, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. తుని దాటేసరికి ఒక పల్లవి, రాజమండ్రి వంతెన ఎక్కేసరికి దాన్ని కొట్టేసి ఇంకోటి.

నేను కట్టేవి ఎక్కువగా భక్తి గీతాలు, లలిత గీతాలు. ఫ్లూటు, వీణ శాంపిళ్లు (రికార్డు చేసి పెట్టిన శబ్దాలు) లేకుండా గడవదు. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, లేని ఫ్లూటు బస్సు హారన్‌లా ఉంటుంది. తోడి రాగంలో గాంధారాన్ని (గ స్వరాన్ని) కదలకుండా నిలబెడితే అది తోడి కాదు, ఊగుతుంటేనే తోడి. కీబోర్డేమో ఏ కీ నొక్కితే ఆ స్వరాన్ని మేకు కొట్టినట్టు నిలబెడుతుంది. దాన్ని కదిలించేది పిచ్ బెండ్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ వంచే మీట, ఒక్కటే. చిన్న కీబోర్డుల్లో అదే అందరూ పిసినారితనం చూపించే చోటు. కొర్గ్ నానోకీ 2లో బెండ్‌కి రెండు బటన్లే. ఆర్టూరియా మినీల్యాబ్‌లో వేలితో రాసే పట్టీ. స్నేహితుడి దగ్గర వాయించి చూశాను, బాగానే ఉంది, కానీ నాకు చెమట చేతులు. జాయ్‌స్టిక్ అలా కాదు. బొటనవేలి కింద దానికో ఎదురు ఉంటుంది, తీగ లాగుతున్నట్టే ఉంటుంది. వదిలితే స్ప్రింగు దాన్ని నడిమికి తెచ్చేస్తుంది.

తెచ్చేస్తుందనే రెండేళ్లపాటు కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

బావ షష్టిపూర్తికి వీడియోలో వేసే పాటకి ట్యూను నాది, పాడేది మేనకోడలు. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకుంది, ఐదున్నర శృతి. రైల్లో చేసిన ట్రాకు పెట్టి పాడమన్నాను. ఒక చరణం పాడి ఆపేసింది.

"మావయ్యా, ఫ్లూటు పైకుంది."

"నువ్వే కిందున్నావు, మళ్లీ పాడు."

ఆరుసార్లు పాడించాను. దాని ఎలక్ట్రానిక్ తంబూరాని రెండుసార్లు మళ్లీ శృతి చేయించాను. పిల్ల ఒప్పుకోకపోతే, అందరి ముందూ ఫోన్లో ట్యూనర్ (శృతి కొలిచే యాప్) తెరిచి, కొత్త ప్రాజెక్టులో ఫ్లూటు పెట్టి సా నొక్కి చూపించాను. ముల్లు సరిగ్గా మధ్యలో. "చూశావా?" అన్నాను. పిల్ల మాట్లాడలేదు. అక్క నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

భోజనాలయ్యాక అనుమానం వచ్చి పాత ట్రాకులో బెండ్ అంకెలు తెరిచాను. మిడీలో పిచ్ బెండ్‌కి మొత్తం 16,384 మెట్లు, నడిమి నుంచి పైకీ కిందికీ చెరి సగం. స్టిక్ వదిలిన ప్రతిచోటా సున్నా ఉండాలి. నా ట్రాకులో ప్రతి గమకం చివరా 104, 96, 110. స్ప్రింగు నడిమికి తేవడం మానేసింది, నడిమి దగ్గర్లో వదిలేస్తోంది.

మామూలుగా బెండ్ అటు రెండు, ఇటు రెండు సెమీటోన్లకి పెట్టి ఉంటుంది. సెమీటోన్ అంటే పక్కపక్క కీల మధ్య దూరం, అందులో వందో వంతు ఒక సెంటు. అలాగే ఉంచితే ఆ వంద మెట్ల తేడా రెండున్నర సెంట్లు, ఎవరి చెవికీ ఆనదు. నేను సా నుంచి పా దాకా ఒకే జారు కావాలని పన్నెండుకి పెంచుకున్నాను. అప్పుడు అదే వంద మెట్లు పదిహేను సెంట్లవుతుంది. నాకు వినపడలేదు. ఐదున్నర శృతిలో రోజూ సాధన చేసే పిల్లకి వినపడింది.

మరి ట్యూనర్ ముందు ఎందుకు దొరకలేదంటే, స్టిక్ కదిలితేనే బెండ్ సందేశం వెళ్తుంది. కొత్త ప్రాజెక్టులో దాన్ని ముట్టుకోకుండా కీ నొక్కితే శృతి శుద్ధంగా ఉంటుంది. అందరి ముందూ నేను చేసి చూపించింది సరిగ్గా అదే. సాయంత్రం మేనకోడలికి సారీ చెప్పి, ప్రతి గమకం చివరా చేత్తో సున్నా పెట్టుకుంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను.

హైదరాబాద్ వచ్చాక కోఠి గుజరాతీ గల్లీలో ఒకతనికి చూపించాను. విప్పి చూసి, "గేమ్ రిమోట్లల్ల వస్తది గద సార్, గదే ఇది" అన్నాడు. లోపల కార్బన్ పూత అరిగిందట. క్లీనర్ కొట్టి ఇచ్చాడు. నాలుగు నెలలు బుద్ధిగా ఉండి మళ్లీ మొదలు. అదే కొలత ముక్క దొరకలేదు. ఇప్పుడు బెండ్ రెండుకి దించి వాడుతున్నాను, పెద్ద జార్లు ఇంటికెళ్లి మౌస్‌తో గీసుకుంటున్నాను. రోజూ రెండు గంటలు తోడి ఊపితే ఏ బొమ్మైనా అరుగుతుంది, నిజమే.

మిగతా సంగతులు. కీస్ చిన్నవైనా అలవాటైపోతాయని ఇదివరకు చాలామందికి చెప్పాను. అలవాటైన మాట నిజమే, కాకపోతే ఇంట్లో పెద్ద కీబోర్డు దగ్గర కూర్చుంటే మొదటి పది నిమిషాలు నా కుడిచెయ్యి ప్రతి ఆక్టేవ్‌నీ ఒక కీ ముందే ముగిస్తోంది. ఐప్యాడ్‌కి ఉన్నది ఒకటే రంధ్రం కాబట్టి హబ్ లేకపోతే చార్జింగ్ మాట మర్చిపోవాలి. రాత్రి పదకొండుకి ప్యాడ్లు కొడితే మనకి ఇయర్‌ఫోన్లో డోలు, బయటి వాళ్లకి టకటక. ఓసారి పై బెర్తు పెద్దాయన తల దించి, "ఎలుక ఏమన్నా తిరుగుతోందా బాబూ?" అని అడిగాడు.

కొనమంటారా అంటే, కార్డ్స్ (రెండు మూడు స్వరాలు ఒకేసారి) పట్టుకుని బీట్లు కట్టేవాళ్లకి ఈ గోల అంటదు, నిక్షేపంగా కొనుక్కోవచ్చు. గమకాలు కావాలి, ప్రయాణాలు నెలకోసారే అంటే, కాస్త బరువైనా బెండ్‌కి వీల్ (తిప్పే చక్రం) ఉన్నది చూడండి. నాలా నెలకి నాలుగు రాత్రులు రైల్లో గడిపేవాళ్లయితే నా దగ్గర తిన్నని జవాబు లేదు. ఇది పోతే మళ్లీ ఇలాంటిదే కొంటానేమో కూడా. కొట్లో మాత్రం బెండ్ పన్నెండుకి పెట్టి, స్టిక్‌ని అటూ ఇటూ ఊపి వదిలేసి, అప్పుడు కీ నొక్కి ట్యూనర్ చూడండి. ఊపకుండా చూస్తే నేను మేనకోడలికి చూపించిన సా లాంటిదే మీకూ కనిపిస్తుంది.