గోల్‌కీపర్ బొమ్మ లేని ట్రోఫీల కొట్టు

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది ఈ కొట్టు. పేరు రాయను. చెప్పబోయే వాటిలో పొగడ్త సగమే కాబట్టి.

నేను డిగ్రీ కాలేజీలో పీడీని, అంటే ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్‌ని. ఏటా వార్షికోత్సవంలో ఫుట్‌బాల్ జట్టుకు ఒకే ఒక కప్పు ఇప్పించేవాడిని, ఉత్తమ ఆటగాడని. అది ఎక్కువ గోల్స్ కొట్టినవాడి ఇంటికే పోయేది. ఈసారి గోల్‌కీపర్‌కు ఒకటి, గోల్ ముందు నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునే స్టాపర్ బ్యాక్‌కు ఒకటి, మిడ్‌ఫీల్డర్‌కు ఒకటి, ఫార్వర్డ్‌కు ఒకటి ఇద్దామనుకున్నాను. ఇది డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఎక్కించిన పిచ్చి. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మన ఆట కాదు, బంతి చేత పట్టుకుని పరుగెత్తే ఆట. కానీ సీజన్ చివర ఏ స్థానంలో ఎవడు మేటి అని వాళ్లు తేల్చే తీరు నాకు నచ్చింది. 1889 నుంచే స్థానాల వారీగా ‘ఆల్ అమెరికా’ జట్టు ప్రకటిస్తున్నారట. బంతిని కాళ్ల సందున వెనక్కి అందించే సెంటర్ అనేవాడు ఉంటాడు. ప్రేక్షకుడి కళ్లు వాడి మీద ఒక్క క్షణం కూడా నిలవవు. వాడికీ రిమింగ్టన్ పేరుతో 2000 నుంచి ఒక ట్రోఫీ ఉంది.

సరే, కొట్టు. అద్దాల అరల్లో క్రికెట్ బొమ్మలు రెండు వరుసలు, షటిల్, కబడ్డీ, చివరికి చదరంగం గుర్రం కూడా ఉన్నాయి. ఫుట్‌బాల్ అడిగితే బంగారు రంగు బొమ్మ ఒకటి దించారు: కుడికాలు వెనక్కి ఎత్తి బంతిని తన్నబోయేవాడు. గోల్‌కీపర్ కావాలన్నాను. యజమాని కాసేపు వెతికి వాలీబాల్ బొమ్మ తెచ్చి పెట్టాడు.

“చేతులు పైకే ఉన్నాయి కదా సార్, సరిపోతుంది.”

“మరి స్టాపర్ బ్యాక్?”

“ఫుట్‌బాల్‌కు మీరట్ నుంచి ఈ ఒక్క బొమ్మే వస్తుంది సార్. కింద పేరు మార్చి వేస్తాం.”

నవ్వొచ్చింది గానీ అతన్ని తప్పు పట్టలేను. అమెరికావాళ్ల అతి పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ మీద ఉన్నదీ బంతి చంకన పెట్టుకుని దూసుకుపోయేవాడే. 1935లో మొదలైన ఆ ట్రోఫీ ప్రధానంగా డిఫెన్స్ ఆడే కుర్రవాడి చేతికి వెళ్లడానికి 1997 దాకా పట్టింది. అందుకే కాబోలు ఒక్కో స్థానానికీ వేరే బహుమతులు పుట్టుకొచ్చాయి. బంతి అందుకునేవాడికి బిలెట్నికాఫ్, కాలితో తన్నేవాడికి లూ గ్రోజా. 2015లో పెట్టిన జో మూర్ అవార్డయితే ముందు నిలబడి కాచే లైను మొత్తానికి కలిపి ఇస్తారు.

నన్ను గట్టెక్కించింది వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు. “ఫొటో ఉంటే యాక్రిలిక్‌లో కోస్తాను సార్” అన్నాడు. ఆర్డీటీ మైదానంలో మా కీపర్ ఎడమవైపు దూకిన ఫొటో నా ఫోనులో ఉంది. దాని అంచు గీసుకున్నాడు. గ్లవుజు చిటికెన వేలు మరీ సన్నగా ఉంది, విరుగుతుందని తనే కాస్త లావు చేశాడు. ఆ మాట నేను చెప్పలేదు. లేజర్ తిరుగుతుంటే కాలిన ప్లాస్టిక్ వాసన కళ్లలో నీళ్లు తెప్పించింది. పై కాగితం ఒలవగానే మావాడు గాలిలో తేలుతూ బయటికి వచ్చాడు. ఒక్కోటి నాలుగు వందల ఇరవై రూపాయలు. తన్నే బొమ్మ కంటే నూట అరవై ఎక్కువ. నా దృష్టిలో అది దండగ కాదు.

స్టాపర్ బ్యాక్ దగ్గర చిక్కొచ్చింది. ఫోనంతా గాలించినా వాడి ఫొటో సరైనది ఒక్కటీ లేదు. ఎందులో చూసినా ఒక మూల, వీపు ఇటు తిప్పి, చేయి చాపి ఎవరినో అరుస్తున్నాడు. చివరికి ఆ వీపునే కోయించి, అయిదో నంబరు చెక్కించాను.

ఇక ఫిర్యాదులు. గురువారం ఇస్తామన్నవి శనివారం ఉదయం, సభకు మూడు గంటల ముందు ఇచ్చారు. ‘ఉత్తమ డిఫెండర్’ను ‘ఉత్తమ డిపెండర్’ చేశారు. చూపించగానే పేచీ లేకుండా పలక మార్చారు. జిగురు ఆవిరికి రెండు ట్రోఫీల అడుగున తెల్లటి మసక పట్టింది, అది గుడ్డతో తుడిచినా పోదు. తెల్ల కాగితం చీటీ చేతిలో పెట్టి పంపారు. అసలు బిల్లు కోసం మళ్లీ రెండుసార్లు తిరిగాను. మీదీ కాలేజీ డబ్బయితే అడ్వాన్సు ఇచ్చే రోజే బిల్లు సంగతి తేల్చుకోండి. అక్షరాలు మీరే కాగితం మీద రాసివ్వండి. అయిదుకు మూడున్నర మార్కులు వేస్తాను. ఆ అర మార్కు చిటికెన వేలికి.

సభలో మా స్టాపర్ బ్యాక్ ట్రోఫీ అందుకుని, తన ముఖం ఎక్కడుందోనని వెనక్కి తిప్పి చూశాడు. అటు నుంచి అయిదు తిరగబడి కనిపించింది.