చెట్టు చూడ్డానికి చెన్నై వెళ్లాం

నెల్లూరులో మా పేట గ్రంథాలయంలో పిల్లల కోసం ఒక గది విడిగా ఇస్తామన్నారు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. గోడల మీద సముద్రం వేయించాలా, అడవి వేయించాలా అని నెల రోజులు వాదించుకున్నాం. చివరికి పెద్దాయనొకరు విసుక్కుని, "ముందు మద్రాసు వెళ్లి అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసి రండమ్మా" అన్నారు. మా అన్నయ్య కూతుర్ని తీసుకుని పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఏడేళ్ల పిల్ల పక్కన లేకుండా పిల్లల గది చూసి ఏం లాభం?

బస సంగతి త్వరగా చెప్పేస్తా. ఎగ్మూరు స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఏసీ గది అని ఫోన్లో చెప్పి, తీరా వెళ్లాక ఫ్యాను గది చూపించారు. అది కూడా మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయదు. పిల్లలతో వెళ్లేవాళ్లు అడయారు, గిండీ వైపు దిగితే మేలు, మనం చూడాల్సినవన్నీ అటే ఉన్నాయి.

మర్నాడు లోకల్లో పార్క్ స్టేషన్‌కు వచ్చి, పక్కనే పార్క్ టౌన్‌లో వేళచేరి బండి ఎక్కాం. వంతెనల మీదుగా పోయే ఈ బండిని అక్కడివాళ్లు 'పరక్కుం రైల్' అంటారు, ఎగిరే రైలన్నమాట. అడయారు నది దాటగానే కోట్టూర్‌పురం. అక్కడి నుంచి ఎండలో నడిపించలేక ఆటో మాట్లాడాను.

అన్నా శతజయంతి గ్రంథాలయం 2010లో తెరిచారు. 8 ఎకరాల స్థలం, 12 లక్షల పుస్తకాలు పట్టేలా కట్టిన భవనం. మరుసటి ఏడాదే దీన్ని పిల్లల ఆసుపత్రిగా మారుస్తామని అప్పటి ప్రభుత్వం ప్రకటిస్తే హైకోర్టు ఆపింది. పిల్లల విభాగం మొదటి అంతస్తులో ఉంది. నడిమధ్యలో పెద్ద కృత్రిమ చెట్టు.

"అత్తా, ఇది ఎక్కొచ్చా?"

"ఎక్కకూడదమ్మడూ, కింద కూర్చో."

కూర్చుంది. అంతే, గంటన్నర దాకా లేవలేదు. నేను మాత్రం చెట్టును ఫోటోలు తీసుకుంటూ తిరిగాను. థర్మాకోల్‌తో చేయించొచ్చా, ఎంతవుతుంది అని మనసులో లెక్కలు. కాసేపటికి చూస్తే పిల్లలెవరూ చెట్టు వైపు చూడటం లేదు. చెట్టు వాళ్లని లోపలికి పిలిచింది, దాని పని అక్కడితో అయిపోయింది. కూర్చోబెట్టినవి వేరే: చేతికందే ఎత్తులో అరలు, అట్ట ఎదురుగా కనపడేలా పెట్టిన పుస్తకాలు, ఎలా పడితే అలా కూర్చోగల చోటు. మావాళ్లకీ ఇదే చెప్పాలి. మా దగ్గర బొమ్మల పుస్తకాలు ఆరడుగుల అద్దాల బీరువాలో ఉన్నాయి, దానికి తాళం కూడానూ! ఆ పక్కన గోడకి తిమింగలం వేయిస్తే ఎవరికి ఉపయోగం?

పర్సులోంచి టేపు తీసి ఒక అర ఎత్తు కొలవబోయాను. అక్కడున్న ఉద్యోగిని వచ్చి తమిళంలో ఏదో అడిగారు. నా తమిళం సినిమా తమిళం. సంగతి అర్థమయ్యాక ఆవిడే టేపు రెండో కొస పట్టుకున్నారు.

మధ్యాహ్నం అదే రోడ్డులో ఉన్న బిర్లా నక్షత్రశాలకు వెళ్లాం. చల్లగా, చీకటిగా ఉంది. నేను నిద్రపోయానని పిల్ల ఇంటికొచ్చాక అందరికీ చెప్పింది. కన్నెమరా గ్రంథాలయం మా లాడ్జికి దగ్గరే, 1896 నాటిది. పాత భవనాలంటే ఇష్టముంటే తప్పక చూడండి. మాకు మాత్రం బయటి నుంచి చూడటంతోనే సరిపోయింది.

టీ నగర్‌లో ఒక ఆంధ్రా మెస్‌లో గోంగూర పప్పుతో తిని రాత్రి బండికి తిరిగొచ్చాం. ఆదివారం వడ్రంగిని పిలిపించి బీరువా కాళ్లు, పైభాగం కోయించాలని అడిగాను. "టేకు బీరువానమ్మా, మంచిది!" అని ఆయన బాధపడ్డాడు. బీరువాను ఆఫీసు గదికి జరిపి, కొత్తగా మూడడుగుల అరలు చేయించడానికి ఒప్పందమైంది. సముద్రమా, అడవా అన్నది ఇంకా తేలలేదు.