ఒకే పెట్టెలో రకరకాల సిగార్లు: హవానాలో, విన్యాలెస్‌లో చూసి తేల్చుకున్నది

క్యూబా వెళ్లేవాళ్లు ఏ బ్రాండు సిగార్లు కొనాలని అడుగుతుంటారు. నాకు అంతకంటే పెద్ద సందేహం ఇంకొకటి ఉండేది. రకరకాల సిగార్లను ఒకే పెట్టెలో దాస్తే ఒకదాని వాసన ఇంకోదానికి పట్టి రుచి మారిపోతుందా? హవానాలో ఫ్యాక్టరీ, దుకాణాలు, ఆ తర్వాత పడమటి క్యూబాలోని పినార్ డెల్ రియో రాష్ట్రంలో, విన్యాలెస్ వైపు పొగాకు తోటలు చూసింది చాలావరకు ఈ ప్రశ్న పట్టుకునే.

హవానా ఫ్యాక్టరీ టూర్‌కి టికెట్ అక్కడి గుమ్మం దగ్గర ఇవ్వరు, పెద్ద హోటళ్లలోని టూర్ డెస్కుల్లో కొనుక్కోవాలి. లోపల ఫోటోలు తీయనివ్వరు. టూర్ హడావిడిగా సాగుతుంది. అందరూ ఆగేది సిగార్లు చుట్టే హాల్లో. పనివాళ్లకు పేపరు, నవలలు చదివి వినిపించే ఆనవాయితీ 1865 నుంచి ఉంది, అది చూడాల్సిందే. నన్ను కట్టిపడేసింది మాత్రం ‘ఎస్కపరాతే’ అనే గది. గైడును అడిగితే తలుపు దగ్గర నిలబడి చూడనిచ్చారు. నిలువెత్తు దేవదారు బీరువాలు, వాటిలో యాభయ్యేసి కలిపి రిబ్బనుతో కట్టిన సిగార్ల కట్టలు. చుట్టేటప్పుడు ఆకును తడుపుతారు కాబట్టి ఆ తేమ దిగేదాకా కొన్ని వారాలు ఇక్కడే ఉంచుతారు. ఒకే ఫ్యాక్టరీలో ఒకటికి మించి బ్రాండ్లు తయారవుతాయి, అన్నీ చేరేది ఈ గదికే. నా సందేహం సగం అక్కడే తీరింది. పరిమళాలేవీ కలపని సిగార్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన చెడిపోయేటట్లయితే తయారుచేసేవాళ్లే అలా పెట్టరు కదా!

అలాగని వాసన అసలు మారదనీ కాదు. ఆకులోని నూనెలు మెల్లగా గాల్లోకి వస్తుంటాయి, పక్కనున్న సిగారు పైఆకు వాటిని కొంత పీల్చుకుంటుంది. నెలల తరబడి మూసిన పెట్టెలో ఉంటే ఘాటైనదాని ఛాయ తేలికపాటిదాని మీద లీలగా పడొచ్చు. కొత్తగా చుట్టినవాటిలో అమ్మోనియా వాసన ఇంకా పోకుండా ఉంటుంది, వాటిని మాగిన సిగార్ల మధ్య పెట్టకపోవడమే మంచిది. దేవదారు పెట్టె కూడా తన వాసన తాను ఇస్తుంది, అది అందరూ కోరుకునేదే.

మిగతా సగం విన్యాలెస్‌లో తీరింది. 1999లో యునెస్కో గుర్తించిన లోయ ఇది. ఎర్రమట్టి, మధ్యలో నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి గుట్టలు. తోటలో ఆకు ఆరబెట్టే పాకలను తూర్పు పడమరలుగా కడతారు, ఎండ పొడవాటి గోడల మీద కాకుండా చివర్ల మీద పడేలా. లోపలికి అడుగుపెడితే చీకటి, చల్లదనం, తల మీదుగా వాసాలకు వేలాడే ఆకులు, ముక్కుపుటాలు అదిరే పచ్చి ఘాటు. రైతు మా ఎదుటే ఒకటి చుట్టి, కొనను తేనెలో ముంచి ఇచ్చారు. ఆకు మాగేటప్పుడు రమ్, వెనిల్లా కలిపిన నీళ్లు చల్లుతామని కూడా చెప్పారు. రుచి బాగుంది. కానీ గొడవంతా ఇలాంటివాటితోనే! నేను ఒక కట్ట కొని, కావాలనే ఒక మామూలు హవానా సిగారును దాంతో కలిపి సంచిలో పెట్టాను. వెలిగించకముందే దానికి తియ్యటి వాసన పట్టింది. వెలిగించాక మొదటి దమ్ముల్లో కూడా తెలిసింది, తర్వాత తగ్గిపోయింది. పరిమళం పట్టించినవాటికి వేరే పెట్టె ఉండాల్సిందే, ఇందులో రాజీ లేదు. సెలోఫేన్ కవరు వాసనను కొంత ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు, గట్టిగా మూత బిగిసే లోహపు గొట్టమైతే నయం.

ఎక్కడ కొనాలంటారా? మాట్లాడుతూ, చుట్టడం చూస్తూ కొనాలంటే తోట. నిల్వ పద్ధతి చూసి కొనాలంటే హవానాలో సిగార్ల కోసమే ఉన్న ప్రభుత్వ దుకాణాలు. వాటిలో తేమను 65 నుంచి 70 శాతం మధ్య నిలిపే ప్రత్యేక గది ఉంటుంది. బీచిలో, వీధిలో అమ్మేవాళ్ల దగ్గర మాత్రం వద్దు, నకిలీలే ఎక్కువ.

బస విషయంలో నా ఓటు ‘కాసా పర్తికులార్’లకే, అంటే స్థానికులు తమ ఇళ్లలో అద్దెకిచ్చే గదులకే. తలుపు మీద నీలం రంగు లంగరు లాంటి గుర్తు ఉంటే లైసెన్సు ఉన్నట్టు. విన్యాలెస్‌లో ఇంటివాళ్లే తెలిసిన తోటకు పంపించారు, వరండాలో ఊగే కుర్చీలు, కడుపునిండా టిఫిను. హవానాలో మేం దిగిన హోటల్ గది సౌకర్యంగానే ఉంది, కాకపోతే ఏసీ రాత్రంతా ఆడితే బయట పెట్టిన సిగార్ల ఆకు పెళుసెక్కిపోతుంది. హోటల్లో దిగేవాళ్లు మూత బిగిసే డబ్బా, తేమ ప్యాకెట్ వెంట తీసుకెళ్లాలి.

హవానా నుంచి విన్యాలెస్‌కు వియాసుల్ బస్సు ఉంది, సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. నలుగురితో కలిసి వెళ్లే షేర్ టాక్సీ దానికంటే తొందరగా చేరుస్తుంది. ఆకు పాకల నిండా కనిపించాలంటే కోతలు సాగే జనవరి–మార్చి మధ్య వెళ్లండి.