ఆనవాలు పట్టే రెండు దారులు: ఎస్‌టీఆర్, మైటోకాండ్రియా పరీక్షలు

2025 అక్టోబరులో కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమైనప్పుడు, ముఖం చూసి ఆనవాలు పట్టలేని మృతదేహాలను బంధువులకు అప్పగించడానికి డీఎన్‌ఏ పరీక్షలే ఆధారమయ్యాయి. ఇటువంటి అవశేషాల్లో దొరికే కొద్దిపాటి డీఎన్‌ఏను పీసీఆర్ పద్ధతిలో, అంటే సుమారు 94 డిగ్రీల వేడిలో రెండు పోగులను విడదీసి, చల్లార్చి, ఎంజైముతో కొత్త పోగులను అల్లించి, ఆవృత్తానికి దాదాపు రెట్టింపు చేస్తారు. అయితే ఏ భాగానికి నకలు తీయాలి?

ఎస్‌టీఆర్ (షార్ట్ టాండెమ్ రిపీట్, అంటే వరుసగా పునరావృతమయ్యే చిన్న ముక్క) పరీక్ష కణ కేంద్రకంలోని డీఎన్‌ఏలో 2 నుంచి 6 అక్షరాల (డీఎన్‌ఏ మూల యూనిట్ల) ముక్క ఎన్నిసార్లు వరుసగా వస్తుందో దాదాపు 20 చోట్ల లెక్కిస్తుంది. ప్రతి చోటా ఒక సంఖ్య తల్లిది, మరొకటి తండ్రిది కనుక, సమరూప కవలలను మినహాయిస్తే, ఇది మనిషిని విడిగా గుర్తించగలదు. దీని బలహీనత ఒక్కటే: కణానికి ప్రతులు రెండే ఉండడం వల్ల, మంటల్లో డీఎన్‌ఏ తునకలైతే పొడవైన భాగాలకు నకలు రాదు.

కేంద్రకం బయట, కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలో ఉండే డీఎన్‌ఏ కణానికి వందల, వేల ప్రతుల్లో ఉంటుంది. కుదురు లేని వెంట్రుక, పాత ఎముక కూడా చాలు. కానీ అది తల్లి నుంచే సంక్రమిస్తుంది. పోలిక చూడడానికి మేనమామ నమూనా పనికొస్తుంది, తండ్రిది పనికిరాదు (వంశమంటే తండ్రివైపే చూసే మనకిది కొంత వింతే). ఒక తల్లి బిడ్డలను ఇది వేరు చేయలేదు కూడా. కాబట్టి ముందుగా ఎస్‌టీఆర్‌నే ఎంచుకోవాలని, అది విఫలమైనప్పుడే రెండోదానికి వెళ్లాలని నా అభిప్రాయం.