తాతగారి నొటేషన్ పుస్తకం, మైలాపూరు స్కానింగు దుకాణం

మా తాతగారు కర్ణాటక సంగీత కృతులను తెలుగు లిపిలో స్వరాలతో రాసుకున్న నోటు పుస్తకాన్ని చెన్నై మైలాపూరులోని ఒక స్కానింగు దుకాణానికి ఇచ్చాను. పెళుసుబారిన కాగితం ఒక్కటీ చిరగకుండా, కుట్టు విప్పకుండా, పైనుంచి కెమెరాతో తీసిన వారి ఓపికను మెచ్చుకోవలసిందే. అయితే మొదటి ప్రతిని నలుపు తెలుపుల్లో ఇవ్వడంతో స్వరాల కింద ఉండవలసిన మంద్రస్థాయి (కింది స్థాయి) చుక్కలు కొన్ని మాయమై, పురుగు తొలిచిన రంధ్రాలు తారస్థాయి (పై స్థాయి) చుక్కలై కూర్చున్నాయి. చుక్కే కదా అనుకుంటే సంచారమే, అంటే రాగం నడిచే తీరే, తలకిందులవుతుంది. అడిగిన మీదట రంగుల్లో మళ్ళీ తీశారు, అదనంగా పైసా పుచ్చుకోలేదు.

ఆ రంగుల ప్రతిని పెద్దది చేసి చూసినప్పుడు, కర్త పేరు లేని ఒక కృతి చరణంలో, సిరా వెలిసిన చోట ‘గోపాలదాస’ అన్న ముద్ర, అంటే కర్త తన రచనలో సంతకంలా పెట్టుకునే మాట, కనిపించింది. అది త్యాగరాజస్వామి శిష్యులు వీణ కుప్పయ్యర్‌గారి ముద్ర. కచేరీల్లో ఆయనను నాలుగైదు వర్ణాలతో (కచేరీ మొదట్లో పాడే రచనలతో) సరిపెట్టేస్తున్న ఈ రోజుల్లో, ఆ ఒక్క మాట కోసమే ఇచ్చిన డబ్బు గిట్టుబాటైందనిపించింది.

ఒక లోపం మాత్రం ఉంది. తమిళనాట పాత నొటేషన్లు ఎన్నో తెలుగు లిపిలోనే ఉన్నా, 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులవారి సంగీత మహాగ్రంథం ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయింది కూడా ఆ లిపిలోనే అయినా, దుకాణంలో తెలుగు అంకెలు చదవగలవారు లేక పుటల వరుస తారుమారైంది. ఇచ్చే ముందే వరుస సంఖ్యల చీటీలు పెట్టుకోవడం మంచిది.